కమ్మరి గల్లీ మూల మీద బంద్ చేసిన మైకు

మంగళవారం, పొద్దుగాల ఏడు గంటల పది నిమిషాలు. జహీరాబాదుల కమ్మరి గల్లీ మూల మీద నేను నా మైకు బంద్ చేసిన. అప్పటికి నాకు అక్షరాలు రావు గని గడియారం చూసుడు వచ్చు. ఆటోల అద్దం పక్కన చిన్న గడియారం ఒకటి అతికిచ్చుకున్న. అందుకే టైము పక్కా చెప్తున్న. ముప్పై ఎనిమిదేండ్ల నా పనిల పెద్ద తప్పు గా నిమిషంల జరిగింది. తప్పు చేస్తున్న అని నాకు ఎరుక లేదు. మర్యాద చేస్తున్న అనుకున్న.

నా పేరు మాణిక్‌రావు. ఊరంత మైకు మాణిక్ అంటరు. ఆటో మీద రెండు మైకు బూరలు కట్టుకొని గల్లీ గల్లీ తిరిగి ఊరి ముచ్చట్లు చెప్పుడు నా పని. నల్ల నీళ్లు ఎప్పుడొస్తయి, కరెంటు ఎప్పుడు పోతది, ఏ రోడ్డు తవ్వుతున్నరు, ఎవరి పిల్ల తప్పిపోయింది, ఎవరు కాలం చేసిన్రు, ఎన్ని గంటలకు లేపుతరు. పోయిన ఏడాది ఆటో అమ్మేసి ఇంటికాడ కూసున్న. ఇప్పుడు ఈ పనిలకు వచ్చిన పడుచోళ్లు అప్పుడప్పుడు ఆగి అడుగుతరు: "పెద్దాయనా, దీంట్ల నేర్చుకునేది ఏముంది? ఒక్కసారి రికార్డు చేసి పెడితె అదే మొత్తుకుంటది గద?" వాళ్ల కోసం రాస్తున్న. నాకు అక్షరాలు యాభై రెండేండ్ల వయసుల వచ్చినయి. మాట యాడన్న వంకర పోతె సర్దుకోండ్రి. ముచ్చటల మాత్రం వంకర లేదు.

ఖాజా భాయ్ దుకాణం

మాది న్యాల్‌కల్ దిక్కు, కర్ణాటక పొలిమేర మీది ఊరు. అమ్మ కన్నడం, నాయిన తెలుగు. చేను వాన మీద, వాన దేవుని మీద. ఇరవై ఎనిమిదేండ్లప్పుడు పని వెతుక్కుంట జహీరాబాద్ వచ్చి స్టేషన్ రోడ్డుల ఖాజా భాయ్ మైకు సెట్టు దుకాణం ముంగట నిలబడ్డ.

"చదువొస్తదా?" అని అడిగిండు.

"రాదు భాయ్."

"భాషలు?"

"తెలుగు, కన్నడం. ఉర్దూ అంగట్ల నేర్చుకున్న."

ఆయన నవ్విండు. "చదువు రాకపోవుడే మంచిదాయె, అచ్ఛా హువా. కాయితం చూసి చదివెటోడు కాయితానికే చెప్తడు, మనుషులకు చెప్పడు. నువ్వు యాది పెట్టుకొని చెప్పు."

ఆయన మంచి ఉస్తాదు. గని ఆ ఒక్క మాట సగమే నిజమని నాకు ఇరవై నాలుగేండ్ల తర్వాత తెలిసింది.

మిగతావన్ని ఆయన చెప్పినట్టే నడిచిన. గొంతుతోని ఒర్రొద్దు, దమ్ముతోని చెప్పాలె. ముందుగాల గల్లీ పేరు పట్టి పిలువాలె, అప్పుడు తలకాయలు లేస్తయి. ఒక ముచ్చట చెప్పి ఆగాలె, ఆగినప్పుడే మనిషి చెవుల అది దిగుతది. ఆటో నడక వేగంల పోవాలె. పొద్దుగాల నల్ల కాడ ఆడోళ్లు ఉంటరు, గప్పుడు ఇంటి ముచ్చట చెప్పాలె. ఎనిమిది దాటినంక చాయ్ హోటళ్ల మొగోళ్లు ఉంటరు, గప్పుడు ఆఫీసు ముచ్చట.

నల్ల కాడి అక్కలు నన్ను ఊకె ఇడిసిపెట్టేటోళ్లు కాదు.

"ఓ మాణిక్, నీ మైకు రోజు వస్తది, నీళ్లే రావు!"

"అక్కా, నీళ్ల ముచ్చటనే నాది. నీళ్లు నాయి కావు."

"అయితె రేపటి సంది ముచ్చటనే బిందెల నింపుకొని పోత తియ్యి!"

ఖాజా భాయ్ గట్టిగ నేర్పింది ఇంకోటి ఉంది. మయ్యత్, అంటె చావు అయిన ఇంటి ముంగట మైకు బంద్. హిందువైనా, ముసల్మానైనా, ఎవరి ఇల్లయినా సరె. గల్లీ మూలకు రాంగనే గుండీ తిప్పాలె, నోరు మూసుకొని దాటాలె. అటెనుక నడుచుకుంట లోపలికి పోయి పక్క ఇండ్లోళ్లకు నోటితోని చెప్పిరావాలె. "నోరు తెరుసుడు అందరికొస్తది మియ్యా," అనేటోడు. "మూసుకునుడు గూడ మన పనిలదే."

ఊరు గూడ దీన్ని మర్యాద లెక్కనే చూసేది. మైకు ఆగిందంటె ఆ గల్లీల ఎవరో పోయిన్రని పక్క గల్లీలోళ్లకు తెలిసిపొయ్యేది.

తువ్వాల ముడి

చదువు రానోనికి లెక్క ఎట్ల? గల్లీలన్ని తలకాయల ఉండేటివి. మసీదు గల్లీ, అల్లం మండి వెనుక గల్లీ, ఇసుర్రాళ్ల గల్లీ, గిట్ల. మైకు బంద్ చేసి దాటిన గల్లీకి తువ్వాల అంచుకు ఒక ముడి కట్టేటోణ్ని. పురుడు పోసుకున్న ఇల్లయినా, పిల్లలు పరీక్ష రాసే బడి అయినా, శవం ఉన్న ఇల్లయినా, ఒక్కో దానికి ఒక్కో ముడి. ఊరంత తిరిగినంక నడుచుకుంట వెనుకకు పోయి, నోటితోని చెప్పి, ముడి ఇప్పేటోణ్ని. చెప్పకుంట ముడి ఇప్పద్దు. అది నాకు నేను పెట్టుకున్న కానూను.

ఆ ముడి ఎంత పని చేస్తదో ఒక్క ముచ్చట చెప్త. చిరాగ్‌పల్లి నుంచి ఎల్లయ్య అని ఒక ముసలాయన కొడుకు ఎంబడి బస్సు దిగిండు. మతిమరుపు మనిషి. కొడుకు బీడీలు కొనేటంతల మాయమైండు. కొడుకు ఏడ్సుకుంట నా ఆటో ఎక్కిండు. తెల్ల ధోతి, ఎర్ర తలపాగ, ఎడమ చేతికి రాగి కడెం అని ఊరంత చెప్పిన. ఎవ్వరు పలుకలే. పొద్దుగూకుతుంది. ఒక్క ముడి మిగిలింది: పురుడైన ఇంటి గల్లీ. నడుచుకుంట పోయి ఆ ఇంట్ల అడిగిన. ఎల్లయ్య తాత అర్రల కూసొని పసిపిల్ల ఉయ్యాల ఊపుతుండు.

పిల్ల తల్లి వైపోళ్లు ఈయన మొగని వైపు చుట్టం అనుకున్నరట. మొగని వైపోళ్లు తల్లి వైపు చుట్టం అనుకున్నరట. రెండు మాట్ల చాయ్ పోసిన్రు. తిండి గూడ పెట్టిన్రు.

"ఎవరని అడగలేదా అమ్మా?" అన్న.

"ఇంటికొచ్చిన పెద్దమనిషిని నువ్వెవరు అని ఎట్ల అడుగుతం కాకా? పిల్ల గూడ ఆయన ఊపితెనే నిద్రపోతుంది!"

ఎల్లయ్య తాత కొడుకును చూసి, "నువ్వెప్పుడొచ్చినవ్‌రా? జర మెల్లగ మాట్లాడు, పిల్ల లేస్తది," అన్నడు.

ముడి లేకుంటె ఆయన ఆ ఇంట్ల ఎన్ని దినాలు ఉండేటోడో.

ఆ మంగళవారం

కమ్మరి గల్లీల వీరప్ప సేటుది కిరాణ దుకాణం. వాళ్లది బీదర్ దిక్కు కుటుంబం, ఇంట్ల కన్నడం. మా అమ్మ భాష కాబట్టి నాకు ఆ ఇంట్ల చనువు. ఆ మంగళవారం తెల్లారంగ సేటు కాలం చేసిండు. కొడుకు శివరాజ్ మా ఇంటికొచ్చి తలుపు కొట్టిండు. పొద్దుగాల ఆరింటికి ఆటో తీసిన.

"కమ్మరి గల్లీ కిరాణ దుకాణం వీరప్ప సేటు గారు ఈ ఉదయం శివైక్యం చెందినారు. అంతిమయాత్ర మధ్యాహ్నం రెండు గంటలకు" అని మూడు భాషల చెప్పిన. మంచిగ చెప్పిన. అది చెప్పుకుంటున్న ఎందుకంటె దాని ఫలితం గూడ చెప్పాలె. నా మైకు ఇనే జనం కదిలిన్రు. అంగడోళ్లు షట్టర్లు దించిన్రు. ఇన్నోళ్లు ఫోన్లు చేసుకుంటె న్యాల్‌కల్, కోహీర్ దిక్కు చుట్టాలు జీపుల ఎక్కిన్రు. సేటు ఇంటి ముంగట ఏసే టెంటు కిందికి వాళ్లను పిలిచింది నా గొంతే.

ఆరు నలభైకి నీళ్ల ఆఫీసు సారు ఫోన్ చేసిండు. రెండు దినాల సంది ఇడువని వాన. వాగు పొంగి పైపు అతుకు ఇడిసింది, మోరి మురికినీళ్లు కలిసినయి. "మాణిక్, నల్ల నీళ్లు తాగొద్దు, వండొద్దు, పట్టుకున్నయి పారబోయాలె. ట్యాంకర్లు పంపుతున్న. గల్లీ ఒక్కటి తప్పొద్దు."

అట్లనే మొదలువెట్టిన. ఏడు పదికి కమ్మరి గల్లీ మూల. చెయ్యి దానంతటదే గుండీ మీదికి పోయింది. బంద్. తువ్వాలకు ముడి కట్టిన. ఆటో దిగిన.

అప్పుడు లోపలికి పోవాలె. పోలే. ఎందుకు పోలేదో ఉన్నదున్నట్టు చెప్త. శవం ఉన్న ఇంట్లకు పోతె దండం పెట్టి, కూసొని, ఇంటోళ్ల చెయ్యి పట్టుకోవాలె. వచ్చి నీళ్ల ముచ్చట చెప్పి గప్పుడే లేసిపోతె మర్యాద కాదు. కూసుంటె మిగిలిన ఊరు ఆగమైతది. లోపల అప్పుడే సేటుకు స్నానం పోస్తున్నరు, ఏడుపు ఇనొస్తుంది. మూల మీద టెంటు కట్టే నర్సింలు నిచ్చెన ఎక్కి తాడు గుంజుతుండు.

"నర్సింలూ, లోపల పెద్దోళ్లకు చెప్పు. నల్ల నీళ్లు ముట్టొద్దు. పట్టినయి పారబోయాలె."

"సరే అన్నా. ఈ కొస కట్టి చెప్త."

"మర్సిపోతవ్‌రా."

"అరె, నేనేం చిన్న పిల్లగాన్నా? పో అన్నా నువ్వు."

నేను ముడి ఇప్పిన. ఇప్పి ఆటో ఎక్కిన.

తొమ్మిదింటికి ఊరంత అయిపోయింది. సారు ఫోన్ల శభాష్ అన్నడు. రెండింటికి నేను గూడ అంతిమయాత్రకు పోయిన. టెంటు కింద నీళ్ల డ్రమ్ము ఉంది, జనం ముంచుకొని తాగుతున్నరు. కండ్లార చూసిన. ట్యాంకర్ నీళ్లు కావొచ్చు అనుకున్న. ఒక్క మాట అడిగితె అయిపోతుండె. అడగలే.

ఏలిముద్ర

బుధవారం పొద్దుగాల వరకు కమ్మరి గల్లీల వాంతులు, విరేచనాలు. టెంటు కింద కూసున్నోళ్లల్ల పద్దెనిమిది మంది పడ్డరు. వేరే గల్లీల ఎవ్వరికి ఏం కాలే.

సారు పిలిచిండు. ఎదురుంగ ఒక కాయితం పెట్టిండు. "అన్ని గల్లీలల్ల చెప్పిన అని దీంట్ల రాసుంది మాణిక్. చెప్పి ఉంటెనే ఏలు పెట్టు. లేకుంటె పెట్టకు."

మంచిగనే అడిగిండు. బెదిరియ్యలే, బతిమిలాడలే. నేనే "చెప్పిన సార్" అని ఏలిముద్ర ఏసిన. గల్లీ మూల దాక పోయిన గద, మనిషికి చెప్పిన గద, అది చెప్పినట్టే గద అని మనసుకు నచ్చజెప్పుకున్న. బొటనఏలుకు నీలం సిరా. తువ్వాలకు తుడుసుకుంట దవాఖానకు పోయిన.

బసమ్మ, వీరప్ప సేటు భార్య, కిటికి పక్క మంచం మీద ఉంది. నిన్ననే బొట్టు తీసిన నొసలు. కండ్లు లోపలికి పోయినయి, చేతులు సల్లగ ఉన్నయి. రెండు చేతులకు రెండు సెలైన్లు. డాక్టరమ్మ శివరాజ్‌కు మెల్లగ చెప్తుంది: "ఒంట్ల నీరంత పోయింది. మూత్రం వస్తలేదు. రేపటి దాక ఏం చెప్పలేం."

పక్క మంచం మీద నర్సింలు. అంటె వాడు గూడ ఆ నీళ్లే తాగిండు. నన్ను చూసి చెయ్యి పట్టుకున్నడు.

"అన్నా, తాడు కడుతుంటె న్యాల్‌కల్ చుట్టాలు దిగిన్రు. ఒక్కసారే ఏడుపు లేసింది. నేను కుర్సీల కోసం ఉరికిన. మర్సిపోయిన అన్నా. నేను గూడ తాగిన. శివరాజ్ అన్నకు చెప్పకు. చెప్తె ఈ ఊర్ల నాకు టెంటు పని ఎవరిస్తరు?"

నేనేం అనకముందే శివరాజ్ వచ్చిండు. రెండు దినాల సంది నిద్ర లేని మొఖం.

"మాణిక్ కాకా, ఒక్క మాట. నిన్న నీళ్ల ముచ్చట మా గల్లీల చెప్పినవా? మా ఆడోళ్లు ఇనలే అంటున్నరు. ఆఫీసోళ్లేమొ చెప్పిండు అంటున్నరు."

నర్సింలు నా చెయ్యి ఇంక ఇడువలే. నేను, "చెప్పిన బేటా," అన్న.

శివరాజ్ తల ఊపిండు. గోడకు ఆనుకున్న భార్య శారద దిక్కు తిరిగిండు. "చూసినవా, చెప్పిండట. మన ఏడుపుల మనకే ఇనపడలే." శారద మొఖం కొంగుల పెట్టుకుంది. "నేనే గట్టిగ ఏడ్సిన," అంది. "మామ మంచం కాడ నేనే అందరికన్న గట్టిగ ఏడ్సిన."

ఇన్నేండ్లల్ల చానమంది నన్ను తిట్టిన్రు. ఒక పార్టీ మైకు కట్టినందుకు ఇంకో పార్టీవాడు ఆటో అద్దం పలగ్గొట్టిండు. అవేవి నన్ను కుదుపలే. ఒక కోడలు మామ సచ్చిపోయినప్పుడు గట్టిగ ఏడ్సినందుకు తనను తాను తప్పు పట్టుకుంటుంటె, నా నీలం ఏలు తువ్వాలల దాసుకొని నేను దవాఖాన మెట్లు దిగిన.

సగం మెట్ల కాడ ఆగిన. అక్కడ ఎంతసేపు నిలబడ్డనో గడియారం చూడలే. దిగి సీద ఆఫీసుకు పోయిన.

"సార్, నేను కమ్మరి గల్లీల చెప్పలే. మూల మీద మైకు బంద్ చేసిన. ఆ కాయితం చింపుండ్రి."

సారు ఆ కాయితం బయటికి తీసిండు. "పొద్దుగాల అడిగిన గద మాణిక్?"

"అడిగిన్రు. నేనే అబద్ధమాడిన."

"ఇది రాస్తె నీకు ఈ పని ఉండది."

"ఉండకపోతె పాయె సార్."

కొత్త కాయితం రాయిచ్చి, చదివి ఇనిపిచ్చి, ఏలు పెట్టిచ్చుకున్నడు. ఆర్నెల్లు ఆఫీసు పని నాకు ఇయ్యలే. ఆ సారు మీద నాకు కోపం లేదు. నేనైనా అదే చేద్దును.

తిరిగి దవాఖానకు పోయి శివరాజ్‌ను వరండల నిలబెట్టి చెప్పిన. "బేటా, మీ ఏడుపు తప్పు లేదు. ఏడువంగ గూడ ఇనపడేది నా మైకు. నేనే బంద్ చేసిన. లోపలికి రాలే. నర్సింలుకు ఒక మాట చెప్పి పోయిన. వానికి చెప్పుడు కాదు నా పని, మీకు చెప్పుడు."

శివరాజ్ నా అంగి పట్టుకున్నడు. కొడుతడనే అనుకున్న. కొట్టినా నిలబడేటోణ్నే. జరసేపు పట్టుకొని ఇడిసిపెట్టిండు.

"పో కాకా. ఇప్పుడు మా అమ్మకు కనపడకు."

 శారద వచ్చి బెంచీ మీద కూసుంది. నిన్నటి సంది ఆమె కూసోలేదట, ఆమె తమ్ముడు తర్వాత చెప్పిండు.

గురువారం పొద్దుగాల బసమ్మకు మూత్రం వచ్చింది. గట్టున పడ్డది, మిగిలినోళ్లు గూడ. గని అదే దినం మూడొద్దులు. వాళ్లల్ల బొంద పెడతరు, మూడో దినం భార్య చేతులతోని సమాధి మీద పాలు పోస్తరు. బసమ్మ మంచం మీదనే ఉంది. పాలు శివరాజ్ పోసిండు. ప్రాణం దక్కింది. నలభై ఏండ్లు కలిసున్న మనిషికి ఒక చెంబు పాలు పోసుడు మాత్రం దక్కలే. దాన్ని నేను తెచ్చియ్యలేను, ఏ ఆఫీసు తెచ్చియ్యలేదు.

బసమ్మ తీర్పు

పదకొండో దినం నాకు కబురొచ్చింది. పోయిన. అదే టెంటు, అదే నర్సింలు. వాడు నన్ను చూసి కుర్సీల వెనుకకు జరిగిండు. బసమ్మ దిండుకు ఆనుకొని కూసుంది. చుట్టాలందరు చుట్టు ఉన్నరు. నేను దూరం నిలబడ్డ.

"బారప్ప, కుంద్రు," అంది కన్నడంల, రా కూసో అని. నేను ఆమె ముంగట నేల మీద కూసున్న.

"మైకు ఎందుకు బంద్ చేసినవు?"

"సేటుకు మర్యాద అమ్మా."

"సచ్చిపోయినాయనకు మర్యాద చేసినవు. బతికున్నోళ్లకు?"

 కోహీర్ నుంచి వచ్చిన ఆమె అన్న సంగప్ప నడుమల అందుకున్నడు: "అక్షరం ముక్క రానోని చేతిల ఊరి ముచ్చట పెడితె గిట్లనే ఉంటది."

"అన్నా, నువ్వు ఊకో," అంది బసమ్మ. "నీకు అక్షరాలొచ్చు. డ్రమ్ముల నీళ్లు యాడివని నువ్వెందుకు అడగలే?" చుట్టాలల్ల ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గిన్రు.

మళ్ల నా దిక్కు తిరిగింది. "పొద్దుగాల ఆరింటికి నువ్వు మా ఆయన పేరు చెప్పినవు చూడు, నేను లోపల నుంచి ఇన్న. మూడు భాషల. ఎంత సక్కగ చెప్పినవ్ మాణిక్. ఊరంత ఆయన కోసం లేసినట్టు అనిపిచ్చింది. గా గొంతు ఏడింటికి మా గల్లీకి ఎందుకు రాలేదప్పా? ఆయనకే వచ్చింది, నాకు రాలే."

 

"ఇగ ఇను," అంది. "పాణం మీదికొచ్చే ముచ్చట ఉంటె శవం ఉన్న ఇంటి ముంగట గూడ మైకు బంద్ చెయ్యొద్దు. తగ్గిచ్చు. తగ్గిచ్చి, దిగి, లోపలికి వచ్చి, ఇంటి పెద్ద మొఖం చూసి చెప్పు. కూసోకున్నా ఎవ్వరు తప్పు పట్టరు. పట్టితె బసమ్మ చెప్పింది అను. ఇంకోటి. ఆ తువ్వాల ముడి నువ్వే కడతవు, నువ్వే ఇప్పుతవు. రాసుకో. ఎవరికి చెప్పినవో పేరు రాసుకో. పేరు రాసుకోవాలంటె మనిషి ముంగట నిలబడాలె గద."

"నాకు రాసుడు రాదమ్మా."

"మా శారద పొద్దుగూకంగ పిల్లలకు చదువు చెప్తది. రేపటి సంది వచ్చి కూసొ."

సంగప్ప మళ్ల అన్నడు: "ఈ వయసులనా?"

"ఈ వయసుల తప్పు చేసిండు గద. ఈ వయసుల చదువు గూడ చేస్తడు."

మరునాడు నేను అట్లనే పలక పట్టుకొని ఆ గల్లీల అడుగుపెట్టిన. రెండో తరగతి పిల్లల నడుమ యాభై రెండేండ్లోణ్ని. వాళ్లు నా పలక చూసి కిసుక్కున నవ్వేటోళ్లు. "కాకా, నీ 'గ' పడుకుంది, లేపు!" అనేటోళ్లు. శారదమ్మ నన్ను గూడ వాళ్లను కసిరినట్టే కసిరేది. మొదటి వారం ఆమె నా మొఖం చూసి మాట్లాడలే. తర్వాత మాట్లాడింది. వానకాలం, చలికాలం రెండు పోయినయి. అ, ఆ అయిపోంగనే, "ఏం రాస్తవ్ కాకా, నీ పేరా?" అని అడిగింది. "కాదమ్మా, ఆ దినం ఆ నీళ్లు తాగి ఎవరెవరు పడ్డరో వాళ్ల పేర్లు రాసి చూపు," అన్న. ఆమె ఒక్కో పేరు రాసింది. నేను దిద్దిన.

ఇప్పుడు ఈ పని చేసెటోళ్లకు

ఆర్నెల్ల తర్వాత ఆఫీసు మళ్ల పిలిచింది. అప్పటి సంది నా తువ్వాలకు ముడి లేదు. అంగి జేబుల చిన్న పుస్తకం. గల్లీ పేరు, ముచ్చట ఇన్న మనిషి పేరు. ఎవరికి అందలేదో గా పుస్తకమే చెప్పేది.

ఇప్పుడు మీకు ఫోన్ల గ్రూపులున్నయి. వార్డుకో గ్రూపు. ముచ్చట అచ్చుకొట్టి పంపుతరు, పంపినం అని చేతులు దులుపుకుంటరు. నేను ఏలిముద్ర ఏసినట్టే అది. రికార్డు చేసిన గొంతు పెట్టి ఆటో దౌడు తీపిస్తరు. ఆ గొంతు మంచిదే, నా గొంతు కన్న బాగుంది. గని అది ఆటో దిగది. ముసలోళ్ల ఇంట్ల ఫోను ఉంటదా, పెండ్లి ఇంట్ల ఎవరన్న ఫోను చూస్తరా, శవం కాడ ఎవరి చేతిల ఫోను ఉంటది? ఊరంత తెలిసే ముచ్చట ఏ ఇంటికి అందదో ముందుగాల ఆలోచించుండ్రి. ఆ ఇంటికి నడువుండ్రి. ఇంతకన్న పెద్ద ఇల్ము, పెద్ద విద్య ఈ పనిల లేదు. ఉందని ఎవరన్న చెప్తె అది అమ్ముకునేటందుకు చెప్తుండు.

ఖాజా భాయ్ తప్పు చెప్పిండని అనుకోవద్దు. నోరు మూసుకునుడు నిజంగనే పనిలదే. ఎప్పుడు మూసుకోవద్దో ఆయన చెప్పలే, నేను అడగలే.

నాలుగేండ్ల కింద బసమ్మ పోయింది. శివరాజ్ ఫోన్ చేసి, "కాకా, మా అమ్మ ముచ్చట నువ్వే చెప్పాలె. గల్లీల మైకు బంద్ చెయ్యకు," అన్నడు. మూడు భాషల చెప్పిన. ఆ దినమే నల్ల టైము మారింది, ఆరింటికి బదులు పదకొండింటికి. చిన్న ముచ్చట, పాణం మీదికి వచ్చేది గాదు. అయినా గొంతు తగ్గిచ్చి గల్లీల చెప్పిన. దిగి లోపలికి పోయి, పూలల్ల ఉన్న ఆమె ముంగట నిలబడి, "నల్ల పదకొండింటికి వస్తదమ్మా," అన్న. శారదమ్మ పక్కనే ఉంది. నా జేబుల నుంచి పుస్తకం తీసి, కమ్మరి గల్లీ ఎదురుంగ తన చేతితోనే 'బసమ్మ' అని రాసింది.

ఆ మంగళవారం కమ్మరి గల్లీల ఆ నీళ్లు తాగి పడ్డోళ్లు వీళ్లు. నేను మొదలు రాయ నేర్చుకున్న పేర్లు గూడ ఇవే. బసమ్మ. ఆమె అన్న, కోహీర్ సంగప్ప. సంగప్ప భార్య నీలమ్మ. న్యాల్‌కల్ దిక్కు నుంచి వచ్చిన శరణప్ప, ఆయన తల్లి గురమ్మ, చెల్లె కస్తూరి. బీదర్ నుంచి వచ్చిన మహాదేవి, ఆమె బిడ్డ పార్వతి. శారదమ్మ తమ్ముడు బస్వరాజ్. పక్కింటి కమ్మరి రాములు, ఆయన భార్య సత్తెమ్మ. ఎదురింటి దర్జీ ఖలీల్, ఆయన అమ్మ జైనబ్ బీ. దుకాణంల తూకం ఏసే అంజయ్య. పూలు తెచ్చిన మల్లేశం. గిన్నెలు తోమిన పోచమ్మ, ఆమె చెల్లె లచ్చమ్మ. టెంటు నర్సింలు.

ఇంటోళ్లల్ల తాగక తప్పిచ్చుకున్నోళ్లు ఇద్దరు, ఆ దినమంత మంచినీళ్లు ముట్టనోళ్లు: శివరాజ్, శారద.

గా నిమిషంల, వీరప్ప సేటు లోపల.

మూల మీద, ఆటో పక్కన, ముడి ఇప్పిన తువ్వాల చేతిల పట్టుకొని, మాణిక్‌రావు.